చౌరస్తాలో కళ్లు మూసుకున్న అమ్మాయి

గురువారం సాయంత్రం, డబ్బాలో సగానికి దిగిపోయిన గోధుమపిండిని చూసి పద్మలత వంటింట్లోంచే అరిచింది.

"పిండికి ఎలుకలు పడ్డయా, ఏంది?"

ఎలుకలు పడలేదు. వెనక గదిలో కిటికీ పక్కన, స్టాండు మీద కెమెరా పెట్టుకుని, ముఖమంతా తడిపిన పిండి పూసుకుని కూతురు రేవతి కూర్చుని ఉంది. పిండి ఆరి, నుదుటి నుంచి చెంపల దాకా సన్నసన్నగా పగుళ్లు తీస్తోంది.

"ఓ అమ్మో! మీ బాపుకు షుగరని తెల్వదా? రాత్రికి చపాతీలు ఎట్ల చెయ్యాలె? నీ ముఖం గీకి చెయ్యనా?"

పెదాలు కదిపితే పగుళ్లు చెడిపోతాయి. రేవతి పళ్లు బిగించి, "పది నిమిషాలమ్మా," అంది.

"దయ్యం లెక్క ఉన్నవు. గిదేం ఫోటో?"

"భయం."

"నాకేం భయం? నీకే ఉండాలె జర భయం."

బల్ల మీద ఫోన్ మోగింది. రేవతి చెయ్యి చాపేలోపే పద్మలత తీసి, "పిండి చేతులతోటి ముట్టకు," అని కట్ చేసింది. మళ్లీ మోగింది. ఈసారి సైలెంట్‌లో పెట్టి ఫ్రిజ్ మీద పడేసింది. పిండి గొడవ రాత్రి అన్నం వడ్డించేదాకా సాగింది. ఆ ఫోన్ సంగతి తల్లీకూతుళ్లిద్దరూ మరిచిపోయారు.

స్టూడియోల వాళ్లకు పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసివ్వడం రేవతి పని. పగలంతా కంప్యూటర్ ముందు ఇతరుల నవ్వులు సర్దుతుంది. అది అయ్యాక తన ఫోటోలు తానే తీసుకుంటుంది. కోపం, సిగ్గు, అసూయ, భయం... ఒక్కో ఫోటోకు ఒక్కోటి. వాటిని ఆదివారం కళాభవనంలో పెట్టుకోవడానికి తండ్రి శ్రీహరి ఒప్పుకున్నాడు. షరతు ఒక్కటే. అది అయిపోగానే కాగజ్‌నగర్ సంబంధానికి సరే అనాలి. అబ్బాయి ఇంజనీరు, నెమ్మదస్తుడని అందరూ చెప్తున్నారు. రేవతి "ఊఁ" అంది. ఎవరేం అడిగినా ఆమె "ఊఁ" అనే అంటుంది. నోటికి రాని మాటలన్నీ ఫోటోల్లోకి పోతాయి.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి ఇంటి ముందు ఆటో ఆగింది. ఆ వెంటనే ఏడుపు.

"ఓ నా బిడ్డా... ముసల్దాన్ని నేనుండంగ నువ్వు పోతివా బిడ్డా..."

జమ్మికుంట నుంచి అమ్మమ్మ కమలవ్వ. రేవతి నోట్లో బ్రష్‌తోనే గేటు దగ్గరికి పరుగెత్తింది.

"ఏమైందమ్మమ్మా? ఎవరు పోయిండ్రు?"

కమలవ్వ ఏడుపు మధ్యలో ఆగింది. మనవరాలి చెంపలు తడిమింది, చేతులు తడిమింది. వేడిగానే ఉన్నాయి. చెళ్లున ఒక్కటి కొట్టింది.

"బతికే ఉన్నవా! జమ్మికుంట సంది బస్సుల ఏడ్సుకుంట వచ్చిన! పక్క సీటామె నీళ్లు తాపింది నాకు!" అని మళ్లీ దగ్గరికి లాక్కుని ఏడ్చింది.

పత్తి బండితో కరీంనగర్ వచ్చిన వెంకటి అనే చుట్టం, తెల్లవారుజామున చౌరస్తాలో రేవతి బొమ్మ చూసి కమలవ్వకు ఫోన్ చేశాడట. ఫ్రిజ్ మీది ఫోన్ తీసి చూస్తే చుట్టాలందరి మిస్డ్ కాల్సూ వరసగా ఉన్నాయి.

రేవతి ముఖానికి చున్నీ చుట్టుకుని స్కూటీ మీద చౌరస్తాకు వెళ్లింది. కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో మనిషి ఎత్తున తన ముఖం. ప్రదర్శన ఫ్లెక్సీ కోసం షాపుకు పంపిన ఫోటోనే అది. నలుపు తెలుపు. బంతిపూల మధ్య కళ్లు మూసుకుని ఉంది. పైన "అశ్రునివాళి". అటొక దీపం, ఇటొక దీపం. కింద పేరు, ఆదివారం ఉదయం పది గంటలకు కళాభవనంలో సంతాప సభ. అట్టడుగున చిన్న అక్షరాల్లో ఇంకో లైను.

"నువ్వు ఇంకొన్నాళ్లు ఉండాల్సింది."

పక్కన సైకిల్ ఆపిన ఓ పెద్దాయన చెప్పులు విడిచి దండం పెట్టాడు. "పాపం, పసిపిల్ల. నీకేమన్న చుట్టమా బిడ్డా?"

"జర దగ్గరి చుట్టమే," అంది రేవతి.

ఫ్లెక్సీ షాపులో ఒక కుర్రాడు కంప్యూటర్ ముందు చాయ్ తాగుతున్నాడు. పేరు విజయేందర్. తండ్రి మిషన్ చూసుకుంటే డిజైన్ ఇతను చేస్తాడు. రేవతి లోపలికొచ్చి ముఖానికున్న చున్నీ విప్పింది. గ్లాసు చేతిలోంచి జారి నేల మీద పగిలింది.

"మీరు... మీరు..."

"ఆఁ. పోయినదాన్నే. సభ ఏర్పాట్లు ఎట్లున్నయో చూసి పోదామని వచ్చిన."

"మేడం, మీరు కూసోండ్రి. లేకుంటే నేను కూసుంట," అని అతనే కూలబడ్డాడు.

"నేను పంపింది ఫోటో ఎగ్జిబిషన్ ఫ్లెక్సీకి! ఎవరు చెప్పిండ్రు మీకు నేను సచ్చిపోయిన్నని?"

"ఎగ్జిబిషన్ అని రాయలే మేడం మీరు. బ్లాక్ అండ్ వైట్ ఫోటో, సుట్టూ పూలు. కింద పేరు, హాలు, ఆదివారం పది గంటలు, అందరు రావాలె. మా షాపుకు అట్లొచ్చిందంటే అదే. నిన్న పొద్దుమీకి రెండుసార్లు ఫోన్ చేసిన, ఒకసారి కట్ చేసిండ్రు, ఇంకోసారి ఎత్తలే. దుఃఖంల ఉన్నరు, ఊకె అడుగుడు మంచిగుండదని..."

"కళ్లు మూసుకున్నోళ్లంత పోయినోళ్లేనా? అసలు మీరు కట్టే అశ్రునివాళి ఫోటోలల్ల కళ్లు తెరుచుకొనే ఉంటరు కద అందరు!"

విజయేందర్ గోడకు ఆనించిన పాత ఫ్లెక్సీల వైపు చూశాడు. అందరూ తెరుచుకునే ఉన్నారు.

"అవును కద," అన్నాడు.

ఆమెకు నవ్వు రాబోయింది. కోపం జారిపోతుందేమోనని గొంతు పెంచింది. "మరి కింద ఆ లైను? అది ఎవరు రాయమన్నరు?"

అతను తలొంచుకున్నాడు. "ఎవరు అనలే. నేనే రాసిన. కంప్యూటర్ల 'మీరు లేని లోటు తీరనిది' అని రెడీగ ఉంటది. మీ ముఖానికి అది పెట్టబుద్ధి కాలే."

ఇంకో పది మాటలు అనాలని వచ్చింది రేవతి. వాటి బదులు చున్నీ భుజాన వేసుకుంది. "నడువుండ్రి. వచ్చి తీసెయ్యిండ్రి," అని బయటికి నడిచింది.

నలుగురూ చూస్తుండగా అతనే నిచ్చెనెక్కి తాళ్లు విప్పాడు. ఆమె ముఖం లోపలికి వచ్చేలా మెల్లగా చుట్టాడు. సైకిల్ పెద్దాయన ఆమెనూ ఫ్లెక్సీనీ మార్చి మార్చి చూసి, చెప్పులేసుకుని గబగబా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి కాగజ్‌నగర్ నుంచి ఫోన్ వచ్చింది. శ్రీహరి మాట్లాడింది తక్కువ, విన్నది ఎక్కువ. పెట్టేశాక కూతురి వైపు తిరిగాడు.

"బతికున్న పిల్లకు అశ్రునివాళి పడ్డదట. అశుభమట. వద్దంటున్నరు." తర్వాత గొంతు లేచింది. "ఎగ్జిబిషన్ లేదు, ఏం లేదు! గా ఫోటోలతోటే గిదంత అయింది. రేపు పోయి హాలోళ్లకు వద్దని చెప్పి రా."

"ఊఁ," అంది రేవతి.

సాయంత్రం గేటు దగ్గర విజయేందర్ నిలబడ్డాడు. క్షమించమని అడగడానికి వచ్చానన్నాడు. శ్రీహరి అతన్ని మెట్లు కూడా ఎక్కనివ్వలేదు.

"నువ్వేనా ఆ ఫ్లెక్సీ కొట్టింది? నీతోటి నా బిడ్డ సంబంధం పోయింది, తెల్సా? ఊరంత తెలిసె. ఇంక ఎవడొస్తడు దీని కోసం?"

"నేనొస్త అంకుల్," అన్నాడు విజయేందర్.

లోపల కుక్కర్ కూత పెట్టింది. తానేమన్నాడో అప్పుడే విన్నట్టు విజయేందర్ చెవులు ఎర్రబడ్డాయి. రేవతి తలుపు తోసుకుని బయటికొచ్చింది.

"ప్రింటు తప్పు పడితే కొత్తది ఫ్రీగ కొట్టిస్తరు కద మీ షాపుల? నాది గూడ గట్లనే అనుకున్నరా? సంబంధం పోయింది, ఇగో ఇంకోటి?"

"అది కాదండి..."

"వద్దు. మీ జాలి నాకు వద్దు. పోండ్రి."

అతను వెళ్లిపోయాడు. అతను వెళ్లడం ఇంట్లో ఎవరూ చూడలేదు. శ్రీహరి, పద్మలత, కమలవ్వ ముగ్గురూ రేవతినే చూస్తున్నారు. ఆ పిల్ల నోట "వద్దు" అన్న మాట వినడం వాళ్లకు అదే మొదటిసారి.

శనివారం పొద్దున్నుంచీ వాన. హాలు వాళ్లకు చెప్పి రావడానికి తడుస్తూనే వెళ్లింది రేవతి. ఫోటోల ఫ్రేములన్నీ, చివరి పిండి ఫోటోతో సహా, నిన్న పొద్దున్నే స్టూడియో వాళ్లు అక్కడికి చేర్చారు. లోపల గోడకు వరసగా కొక్కేలు బిగించి ఉన్నాయి. నేల మీద ఆనించిన ఫ్రేముల ముందు తడిసిన చొక్కాతో విజయేందర్ గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"మీరేం చేస్తున్నరిక్కడ?"

అతను ఉలిక్కిపడి లేచాడు. "ఇక్కడి గేటుకు కట్టిన ఇంకో ఫ్లెక్సీ విప్పుదామని వచ్చిన. వాచ్‌మెన్ కొక్కేలు లెవ్వన్నడు, జర కొట్టిన." పిండి ముఖం ఫోటో చూపించాడు. "ఇది గూడ మీరేనా?"

"నేనూ, మా అమ్మ చపాతీ పిండీ."

అతను నవ్వబోయి ఆపుకున్నాడు. "ఒకటి అడుగుత. కోపం చెయ్యద్దు."

"నా కోపం అటు పక్కకున్నది. నల్ల ఫ్రేముల."

"చూసిన. నిన్న మీ ఇంటికాడ చూసిందే పెద్దగున్నది." ఈసారి ఆమె పెదాలు కదిలాయి. అతను ధైర్యం చేశాడు. "ఆ పూల ఫోటోల కళ్లెందుకు మూసుకున్నరు? అంత సేపు చూసి గూడ తప్పు అర్థం చేసుకున్న. ఇప్పుడన్న చెప్పుండ్రి."

ఇన్నాళ్లూ అమ్మ పిండి గురించి అడిగింది, బాపు వీటితో ఏం లాభమని అడిగాడు. ఎందుకు అని ఎవరూ అడగలేదు. రేకుల మీద వాన చప్పుడు పెరిగింది.

"ఎదుటి మనిషి ముఖం చూస్తే నాకు కాదనబుద్ధి కాదు," అంది రేవతి. "ఊఁ అంట. బతుకమ్మకు తెచ్చిన పూలు మిగిలితే డాబా మీద పోసుకొని పండుకున్న. ఎవరి ముఖం కనబడకుంటే నాకేం కావాలెనో నాకు తెలుస్తదేమో అని."

"తెలిసిందా?"

"కెమెరాకు టైమర్ పది సెకండ్లే పెట్టిన."

ఇద్దరూ నవ్వారు. అతని నవ్వు ముందు ఆగింది.

"నిన్న నేనన్నది జాలితోటి కాదండి. గురువారం మీ ఫోటో ముందర కూసొని, ఈ పిల్ల ఉంటే బాగుండు, ఒకసారన్న మాట్లాడుదును అనుకున్న. తెల్లారి ఆ పిల్లనే వచ్చి నన్ను తిట్టవట్టె. ఇంక నేను గమ్మున ఎట్ల ఉండాలె? మల్ల అడుగనులే, ఫికర్ చెయ్యకుండ్రి. గీ మాట మీకు తెల్వాలెనని, అంతే."

హాలు మేనేజరు గది తలుపు తెరిచే ఉంది. రెండడుగులు వేస్తే సరిపోతుంది, వద్దని ఒక్క మాట చెప్పి ఇంటికి పోవచ్చు. రేవతి ఆ తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత వంగి, పిండి ముఖం ఫ్రేము ఎత్తి అతని చేతికిచ్చింది.

"జర ఎడమకు పెట్టుండ్రి. ఇంకా... ఆఁ, అక్కడ."

అన్నీ తగిలించేసరికి మధ్యాహ్నమైంది. వానకు స్కూటీ మొరాయించింది. ఆటోలో దింపడానికి వచ్చిన విజయేందర్‌ను వరండాలోంచి కమలవ్వ చూసింది.

"నా మనుమరాలిని సంపినోడు గీడేనా? లోపలికి రా బిడ్డా. తినే యాళ్లకు వచ్చినోన్ని ఉత్తగ తోలుతమా?"

శ్రీహరి ముఖం గంటు పెట్టుకున్నా, అత్త మాటకు అడ్డం చెప్పలేదు. అందరికీ కంచాలు పడ్డాయి. పద్మలత అన్నం, పప్పు, పచ్చిపులుసు వడ్డిస్తోంది. విజయేందర్ తలెత్తకుండా తింటున్నాడు.

"హాలోళ్లకు చెప్పినవా?" అడిగాడు శ్రీహరి.

"చెప్పలే బాపూ."

"వానకు తెరువలేదా?"

"తెరిచిండ్రు. నేనే చెప్పలే. చెప్పను గూడ. ఫోటోలు గోడకు పెట్టే వచ్చిన."

పద్మలత చేతిలో గరిటె ఆగిపోయింది. రేవతి తండ్రి ముఖం వైపే చూస్తూ మాట్లాడింది.

"కాగజ్‌నగరోళ్లు వద్దన్నరని నువ్వు రంది పెట్టుకున్నవు. వాళ్లు రేపు మనసు మార్చుకొని వచ్చినా నేను వద్దనే అంట. నీకు ముందే చెప్పాల్సింది. నోరు రాలే. ఇంకోటి బాపూ. నిన్న ఈయన అడిగితే కాదన్న. ఇయ్యాల ఈయన ఏం అడగలే. నేనే చెప్తున్న. చేసుకుంటే ఈయననే చేసుకుంట. ఎప్పుడనేది, ఒకరికొకరం జర తెలిసినంక ఇద్దరం చెప్తం."

విజయేందర్‌కు పచ్చిపులుసు పొలమారింది. కమలవ్వ అతని నెత్తి మీద తట్టింది. "మెల్లగ బిడ్డా, మెల్లగ. ఎక్కడికి పోతది?"

శ్రీహరికి కోపమొస్తే సగం కంచంలోనే లేచిపోతాడు. పద్మలత ఆ లేవడం కోసమే చూస్తోంది. అతను లేవలేదు. పప్పు కలుపుకుని ఇంకో ముద్ద తిని, కూతురి వైపు తిరిగాడు.

"అక్కడ కుర్చీలున్నయా?" అన్నాడు.

"లెవ్వు బాపూ. నిలబడి చూసేటివే."

"మీ అమ్మమ్మ ఎంతసేపు నిలబడుతది?" శ్రీహరి విజయేందర్ వైపు తిరిగాడు. "రేపు పది గంటలకు మీ అవ్వను, బాపును గూడ తోల్కరా. కుర్చీలు నేను పంపిస్త. ఫోటోలు చూసినంక పెద్దమనుషులం కూసొని మాట్లాడుకోవాలె."