కాల్లోని ఇనుము

చిక్కన్న కంటికి లోకంలో ఒక్కరూ ఆనరు. తిరుమణిలో భూమిని సోలారు కంపెనీకి కౌలుకిచ్చాక మరీ మిడిసిపడ్డాడు. సోలారు పలకల మధ్య గొర్రెలు మేపుకునే సొంత అన్న బోరన్నను కూడా మనిషి కింద జమకట్టలేదు. అన్న కాలు నల్లబడి కుళ్లుతుంటే చూడ్డానికైనా పోలేదు. "బీడీలు తాగినోడికి అట్లే అయితాది," అన్నాడు. అదే జబ్బు తన కుడికాలికి వస్తే మాత్రం, మహానుభావుడు, బెంగళూరుకు పరుగెత్తి రక్తనాళంలో స్టెంటు వేయించుకొచ్చాడు. సన్నటి లోహపు వల గొట్టం అది. బోరన్నకేమో కాలు తీసేశారు. ఆనక ప్రాణమూ పోయింది. పిల్లల్లేనివాడు కాబట్టి చిక్కన్నే కొరివి పెట్టాల్సి వచ్చింది.

కొరివి పెట్టినవాడు పెద్దకర్మ దాకా ఒంటిమీద ఇనుము ఉంచుకోవాలి. లేకుంటే పోయినవాడు పట్టుకుంటాడు. చిక్కన్న మొలతాడుకు ఇనుప బీగంచెవి కట్టుకున్నాడు. కర్మ ఇంకా కాకముందే అతని కుడికాలు మళ్లీ చల్లబడింది. స్టెంటు పూడిపోయి ఉంటే ఆ కాలూ తీసేయాల్సిందే.

మామూలు ఎమ్మారైలో స్టెంటున్న చోట నల్లటి బొక్క తప్ప ఏమీ కనపడదు. వల లోపలి రక్తాన్ని కూడా చూపించే కొత్త పద్ధతిని తుమకూరు ఆసుపత్రిలో డాక్టరు మోనిక పరీక్షిస్తోంది. ఒంటిమీది ఇనుమంతా తీసేసి రమ్మంది.

"వద్దు, కర్మ కానీ," అని గొణిగింది భార్య రామలక్ష్మమ్మ.

"కాల్లోనే ఇనుముండాది కదే, తిక్కదానా. ఆ గొర్రెలోడు బతికినప్పుడే ఏం పీకినాడని, సచ్చినాక పీకేకి?" అంటూ చిక్కన్న బీగంచెవి విప్పి ఆమె చేతిలో పడేశాడు.

కాళ్లవైపు నుంచి బల్ల యంత్రంలోకి జారింది. తలొక్కటే బయట. నడుము కింద ఏముందో కనపడదు. దడదడమని మోత మొదలైంది. గదిలోని మందుల వాసనను మెల్లగా ఇంకో వాసన మింగేసింది. గొర్రెబొచ్చు... బీడీ... కుళ్లిన పుండు. 'గది కడుక్కోవడం కూడా చేతకాని మొహాలు,' అని తిట్టుకున్నాడు.

అంతలో కుడిపాదాన్ని ఎవరో పట్టుకున్నారు. చల్లగా. కొత్త చెప్పు సరిపోతుందో లేదో చూసినట్టు అటూ ఇటూ తిప్పారు...

"కాలు తీయక్కర్లేదు," అంది మోనిక, బయటికొచ్చాక అతన్ని తెర ముందు కూర్చోబెట్టి. "స్టెంటు లోపల రక్తం బాగా పారుతోంది."

భార్యవైపు ఎగతాళిగా చూశాడు చిక్కన్న.

మోనిక ఇంకా తెరనే చూస్తోంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా తొడలో రక్తం కిందికి దిగుతోంది. స్టెంటు లోపల మాత్రం దాని లయ వేరు. ఆమె ఒక చెయ్యి అతని మణికట్టు మీద, ఇంకోటి కుడిపాదం మీద పెట్టింది. చాలాసేపు తీయలేదు.

"ఏందమ్మా?"

"రెండు నాడులూ ఒకటి కాదు..." గొంతు తగ్గించింది. "కింద కొట్టుకునేది మీ గుండెతో కలవడం లేదు."

"మిషన్‌తో పాటు నీ బుర్రా చెడినట్టుండాది," అని చిక్కన్న లేచాడు. వాకిలివైపు ఎడమకాలు వేశాడు.

కుడికాలు రాలేదు.

లాగాడు. రాలేదు.

కిందికి చూశాడు. దాని బొటనవేలు నున్నటి నేలమీద బీడీ ముక్కను ఆర్పినట్టు మెల్లగా రుద్దుతోంది...