క్రేగర్ గారి ఎడమ బూటు

"పదకొండు పేర్లు," అన్నాడు చీఫ్ పాండురంగం. "పన్నెండున్నర ఫ్లైట్‌ల అవి పోయినయంటే, రేపటికి ఆ పదకొండు మంది ఉండరు."

ఉదయం ఏడు. నాందేడ్ స్టేషన్ ఎదుట టిఫిన్ సెంటర్. ఏజెంట్ జగదీశ్వర్ ముందు పోహా చల్లారిపోతోంది. బల్ల కింద అతని మోకాలు ఆగకుండా ఆడుతోంది. ఊరికే కూర్చోవడమంటే అతనికి చచ్చేంత చిరాకు. డిపార్ట్‌మెంట్‌లో ఆ మోకాలికి వేరే ఫైలుందని జోకు.

"ఎవరి దగ్గరున్నయి?"

"క్రేగర్. పరాయి ఎంబసీల కల్చరల్ అటాషే. మన సర్వర్ల నుంచి కాజేసిన మన గూఢచారుల లిస్టు గోరంత చిప్‌ల పెట్టి, ఎడమ బూటు మడమల దాసిండు. పండుకునేటప్పుడు గూడ బూట్లు తలగడ కిందనే పెట్టుకుంటడట."

"ఎయిర్‌పోర్ట్‌ల పట్టుకుందం."

"డిప్లొమాటిక్ పాస్‌పోర్టయ్యా! మనిషిని ముట్టద్దు, సంచి ఇప్పద్దు. చెయ్యేస్తే రెండు దేశాల మధ్య లొల్లి. ఆయనంతట ఆయనే బూటు ఇడిచి మన చేతికియ్యాలె."

"మడమ ముచ్చట చెప్పిందెవరు?"

"స్నేహల్."

జగదీశ్వర్ ముఖం ముడుచుకుంది. స్నేహల్ క్రేగర్‌కు ఇంటర్‌ప్రెటర్. రెండేళ్లుగా అటూ ఇటూ పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే నమ్మబుద్ధేస్తుంది, ఆమెతో వచ్చిన ఇబ్బందే అది.

ఆ లిస్టులో ఏడో పేరు దిగంబర్. సొంతూరు కర్ఖేలిలో జగదీశ్వర్ పక్కింటివాడు. ఇప్పుడు క్రేగర్ దేశ రాజధానిలో ఓ హోటల్లో రొట్టెలు కాలుస్తూ మన వాళ్లకు కబుర్లు పంపుతున్నాడు. వాణ్ణి ఈ పనిలోకి దించింది జగదీశ్వరే. "నువ్వు తోలుకపోతున్నవు, నువ్వే తోలుకరావాలె," అంది ఆ రోజు వాడి తల్లి సుమిత్రాబాయి. సరేనన్నాడు. మూడేళ్లుగా ఆ మాట అతన్ని కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

తొమ్మిదింటికి కాలేజీ సెమినార్ హాల్లో క్రేగర్ ఉపన్యాసం మొదలైంది. హిస్టరీ లెక్చరర్ వేషంలో జగదీశ్వర్ వెనక వరసలో ఉన్నాడు. కళ్లజోడు కాడలో రికార్డర్, రికార్డర్లో గోరంత చిప్.

విషయం ఆన్సన్ బర్లింగేమ్. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా నాయకుడు, బానిసత్వం పోవాలని పోరాడినవాడు. శత్రువైనా ఒప్పుకోవాలి, క్రేగర్ బాగా చెబుతున్నాడు. బానిసత్వాన్ని తిట్టినందుకు ఒక సెనేటర్‌ను దక్షిణాది సభ్యుడొకడు సభలోనే చేతికర్రతో చావబాదాడు. బర్లింగేమ్ లేచి ఆ పనిని నిలదీశాడు. కొట్టినవాడు ద్వంద్వయుద్ధానికి సవాలు విసిరాడు. సరేనన్నాడు బర్లింగేమ్. ఆయుధం, చోటు ఆయనే ఎంచుకున్నాడు: తుపాకి, నయాగరా దగ్గర, కెనడా వైపు. అక్కడికి చేరాలంటే సవాలు విసిరినవాడు తనంటే మండిపడే ఉత్తరాది రాష్ట్రాలన్నీ దాటాలి. దారిలోనే ప్రాణం పోతుందని అతగాడు మానుకున్నాడు.

"ఒక్క తూటా పేలలేదు," అని నవ్వాడు క్రేగర్. "చోటు ఎంచుకున్నవాడిదే గెలుపు."

జగదీశ్వర్ మోకాలు టక్కున ఆగింది. పాండురంగానికి మెసేజ్ కొట్టాడు: నయాగరా దొరికింది.

క్రేగర్ కథ ముగిస్తున్నాడు. తర్వాత బర్లింగేమ్‌ను అమెరికా చైనాకు రాయబారిగా పంపింది. ఆరేళ్లకు చైనా ఆయన్నే తన రాయబారిని చేసి అమెరికాకు పంపింది. ఆ మాట మరాఠీలో చెబుతూ స్నేహల్ సూటిగా జగదీశ్వర్‌ను చూసింది. నేను అటువైపు అయిపోయానంటోందా?

అయినా లేచాడు. "సార్, నాందేడ్ దాక అచ్చి గురుద్వారాకు పోకుంటె ఎట్ల? పేపరోళ్లు ఆడనే చూస్తున్నరు."

రెండు వందల మంది చప్పట్లు కొట్టారు. అంతమంది ముందు కాదనడం ఏ డిప్లొమాట్ వల్లా కాదు.

గురుద్వారాలో చెప్పులు అప్పగించి టోకెన్ తీసుకునే చోటును జోడాఘర్ అంటారు. డాక్టరైనా, కలెక్టరైనా అక్కడ కూర్చుని యాత్రికుల చెప్పులు తుడవడం ఒక సేవ. జగదీశ్వర్ తలకు కాషాయ రుమాలు, ముఖానికి అతికించిన గడ్డం. మోసం చేయడానికి వచ్చానన్న సిగ్గుతో ముందు నలభై జతలు నిజంగానే తుడిచాడు.

పదకొండుకు క్రేగర్ వచ్చాడు. కెమెరాలు చూశాడు, తన బూట్లు చూసుకున్నాడు, నిట్టూర్చి విప్పాడు. టోకెన్ స్నేహల్ తీసుకుంది.

బ్రష్‌లో దాచిన స్క్రూడ్రైవర్ బయటికొచ్చింది. కనీసం ఇరవై నిమిషాలు లోపలే ఉంచుతానని స్నేహల్ మాట. మడమ స్క్రూ బిగుసుకుపోయింది. అరచేతుల చెమటకు బ్రష్ జారుతోంది. చివరికి మడమ తెరుచుకుంది. చిప్ బయటికి, కళ్లజోడు రికార్డర్లోని తన చిప్ లోపలికి. తల ఎత్తాడు.

ఎనిమిది నిమిషాలే అయింది. క్రేగర్ వచ్చేస్తున్నాడు. పక్కన స్నేహల్ నవ్వుతోంది.

అమ్మేసింది, అనుకున్నాడు. మడమ ఇంకా ఊగుతోంది. సుమిత్రాబాయి ముఖం కళ్ల ముందు మెదిలింది. క్రేగర్ చెయ్యి బూటు కోసం ముందుకొచ్చింది.

"సార్, రెండు చేతులు!" అంది స్నేహల్. తన దోసిట్లోని వేడి వేడి ప్రసాదమంతా అతని దోసిట్లో పోసింది. "మొత్తం తినాలి. కింద పడకూడదు. ఫొటో తీస్తున్నారు."

క్రేగర్ దోసిట్లో నెయ్యి కారుతోంది. కెమెరాల వైపు నవ్వుతూ నములుతున్నాడు. సేవాదారు వేషంలోని జగదీశ్వర్ మోకాళ్ల మీద వంగి, భక్తిగా అతని కాళ్లకు బూట్లు తొడిగాడు. తొడుగుతూనే చివరి స్క్రూ బిగించాడు.

"మంచి మెరుపు," అన్నాడు క్రేగర్ బూట్లు చూసుకుని.

స్నేహల్ తన చెప్పుల కోసం వంగి గొణిగింది. "గట్ల చూడకు అన్నా. వాళ్ల ఎంబసీ నుంచి ఫోనొస్తే ఎనకకు మర్లిండు. నేను యాడ పనిజేసినా నాందేడ్ పిల్లనే."

జగదీశ్వర్‌కు ఏడుపొచ్చినంత పనైంది. గడ్డం ఊడుతుందని ఆపుకున్నాడు.

ఫ్లైట్ ఎగిరాక కర్ఖేలికి ఫోన్ చేశాడు. "పిన్నీ, దిగంబర్ పైలంగ ఉన్నడు."

"ఉంటె సాలదు బిడ్డా. తోలుకరావాలె అన్న గద," అంది సుమిత్రాబాయి. అతని మోకాలు మళ్లీ ఆడడం మొదలుపెట్టింది.

బూటు మడమలో వెళ్లిన ఆ చిప్‌లోని రహస్యం ఛేదించడానికి క్రేగర్ దేశపు నిపుణులు మూడు వారాలు తల బద్దలు కొట్టుకున్నారని తర్వాత తెలిసింది. బర్లింగేమ్ మీద ఆయన ఉపన్యాసాన్ని అంత శ్రద్ధగా విన్నవాళ్లు నాందేడ్‌లో కూడా లేరు.