ఇంట్లో ఎవరో

"చెయ్యి చాపు. అటూ ఇటూ కదపకు," అంది అమ్మ, పంటి కింద దారం పట్టుకునే.

పిచ్చుక చెయ్యి చాపింది. చిన్నప్పుడు సన్నగా ఉండేదని నాన్న పెట్టిన ముద్దుపేరు అది. పదో తరగతికి వచ్చినా ఇంట్లో అదే పిలుపు. మోచేతి నుంచి భుజం దాకా కాలిన మచ్చ. అది ఉబ్బకుండా దాని మీద బిగుతైన తొడుగు వేసుకోవాలి. బట్టలు కుట్టే అమ్మ ఆ తొడుగులు కూడా తనే కుడుతుంది.

"పట్టేస్తోందమ్మా."

"పట్టాలనే కదే కుట్టింది. వదులైతే ఎందుకు పనికొస్తుంది?"

ఆ రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. కాలిన గాయాల గురించి జనానికి తెలియజెప్పాలని ఆస్పత్రివాళ్ళు కోలుకున్నవాళ్ళ మాటలు రికార్డు చేసి, రోగులు కూర్చునే హాల్లో వినిపిస్తున్నారు. నర్సక్క అడిగితే కాదనలేక తనూ మాట్లాడింది. క్లాసులో లేచి జవాబు చెప్పాలంటేనే వణికే పిల్ల, తలుపులు మూసిన గది కాబట్టి ఎలాగో నోరు విప్పింది. ఏం చెప్పిందో మాత్రం అమ్మకు చెప్పలేదు.

వాళ్ళు బెంచీ మీద కూర్చున్నారో లేదో, గోడ మీది స్పీకరులోంచి తన గొంతే వినిపించింది.

"మరిగే నీళ్ళ గిన్నె నా మీద ఒలికిపోయింది. ఇంట్లో ఎవరో గాయం మీద టూత్‌పేస్ట్ పూశారు. వెంటనే కుళాయి కింద పెట్టి చల్లటి నీళ్ళు పోయాల్సింది. పేస్ట్ వల్ల గాయం ఇంకా పాడైంది. మీరెవరూ అలా చేయకండి."

పక్కన చంటిపిల్లాణ్ణి ఒళ్ళో వేసుకున్న ఆవిడ నిట్టూర్చింది. "ఎవరో మతిలేని మనిషై ఉంటుంది. కన్నతల్లి అయితే అలా చేస్తుందా?"

"తల్లి ఇంట్లో లేదేమో పాపం," అంది ఇంకొకావిడ.

అమ్మ చేతిసంచి పట్టీని మెలిపెడుతూ కూర్చుంది. ఇంటికి వస్తూనే కుట్టుమిషను ముందు కూలబడి, దారం ఎక్కించకుండానే తొక్కడం మొదలుపెట్టింది.

బస్సులు బాగుచేసే నాన్న చేతుల గ్రీజు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏంటి, అమ్మాకూతుళ్ళిద్దరూ మౌనవ్రతమా? నాకు చెబితే నేనూ పట్టేవాణ్ణిగా!"

"నేను ఎవరోనట," అంది అమ్మ.

"నిన్ను తిడతారనే అమ్మా..." పిచ్చుక గొణిగింది.

"తిడితే పడతాను. నిన్నెత్తుకుని కాళ్ళకు చెప్పులైనా లేకుండా రోడ్డు మీదకు పరిగెత్తింది ఎవరో? నీ మంచం పక్కన కూర్చునే తెల్లవార్లూ కునికిపాట్లు పడింది ఎవరో? ఒక్క మాటతో నన్ను ఇంట్లోంచే తీసేశావు కదే!"

"మరేం చెప్పమంటావ్? మా అమ్మే చేసిందని అంతమందికీ చెప్పమంటావా?" పిచ్చుకకు అంత గొంతు ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. "రోజూ తొడుగు వేసేటప్పుడు నువ్వు మచ్చ వంక చూడవు. మొహం తిప్పుకుంటావ్. నాకు తెలియదనుకున్నావా? రెండేళ్ళయింది. దాని గురించి ఒక్కసారైనా మాట్లాడుకున్నామా మనం?"

మిషను ఆగిపోయింది.

"చూడలేనే," అంది అమ్మ. "చూస్తే ఆ పేస్ట్ పూసిన నా వేళ్ళే కనిపిస్తాయి. చల్లగా ఉంటుంది, మంట తగ్గుతుందనుకున్నాను. చిన్నప్పుడు మా అమ్మ నాకూ అలాగే పూసింది." కళ్ళు తుడుచుకుంది. "ఆ బెంచీ మీదావిడ ఏమందో విన్నావుగా. కన్నతల్లి అలా చేయదట. రేపు వాళ్ళ పిల్లాడికి ఒళ్ళు కాలితే ఆవిడా పేస్ట్ కోసమే పరిగెడుతుంది. ఆ చెప్పేది తన గురించి కాదనుకుంటోంది మరి."

అమ్మను కాపాడానని పిచ్చుక ఇన్నాళ్ళూ అనుకుంది. వినేవాళ్ళ చేత "ఎవరో మతిలేని మనిషి" అనిపించింది తన మాటే.

"ఆ పేస్ట్ కొనుక్కొచ్చింది నేను," అన్నాడు నాన్న, గొంతు సవరించుకుని. "నన్ను కూడా ఓ మూల ఇరికించండి."

"మీరూరుకోండి," అంది అమ్మ. ఏడుపులోనే నవ్వొచ్చింది. తర్వాత పిచ్చుకను దగ్గరకు లాక్కుని, తొడుగు మెల్లగా కిందికి జార్చి, మచ్చ మీద అరచెయ్యి ఆనించింది. ఈసారి మొహం తిప్పుకోలేదు.

మర్నాడు నర్సక్క గదిలో అమ్మ చెయ్యి పట్టుకుని పిచ్చుక మళ్ళీ మాట్లాడింది. "పేస్ట్ పూసింది మా అమ్మ. నేనంటే ప్రాణం పెట్టే మా అమ్మే. మీరూ కంగారులో అదే చేస్తారు. అందుకే ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. ముందు నీళ్ళు."

తర్వాతిసారి వెళ్ళేసరికి హాల్లో ఆ గొంతు వినిపిస్తోంది. బెంచీ మీద ఈసారి ఎవరూ నిట్టూర్చలేదు. ముందు వరసలో ఒక తల్లి కూతుర్ని దగ్గరకు పొదువుకుని, వెనక్కి తిరిగి అడిగింది.

"ఏమండీ, ఉత్త నీళ్ళేనా? ఇంకేం రాయకూడదా? నేనూ పేస్టే రాసేదాన్ని."

"నీళ్ళేనండీ. కుళాయి కింద చాలాసేపు ఉంచి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి," అంది అమ్మ.

"మీకు బాగా తెలిసినట్టుందే?"

అమ్మ పిచ్చుక వైపు చూసింది. పిచ్చుక తల ఊపింది.

"ఆ గొంతు మా అమ్మాయిది," అంది అమ్మ. "ఆ అమ్మను నేనే."