పద్నాలుగు శాతం

"నా కాలు ఎప్పుడు బాగైందో కాస్త చెప్తారా? మా అమ్మక్కూడా చెప్తాను, సంబరపడుద్ది."

ఆరో నెంబరు కిటికీలోంచి ఒక కాగితం వచ్చి వాజిద్ కీబోర్డు మీద పడింది. అతను తలెత్తి చూశాడు. బయట సన్నగా జల్లు పడుతోంది. ఆకుపచ్చ చున్నీ తల మీదికి లాక్కున్న అమ్మాయి ఒకతె, కిటికీ ఊచ పట్టుకుని, బరువంతా కుడికాలి మీద వేసి నిలబడి ఉంది. కళ్ళు పెద్దవి. వాటిలో కోపం ఇంకా పెద్దది.

"ఏందండీ, కాగితం అట్టా విసిరేస్తారు?"

"విసిరేయలా. చేతికిస్తే మీరు తీసుకోలా. పావుగంట నుంచి నిలబడున్నా. నిలబడలేనోళ్ళ కోసం పెట్టిన కిటికీ అంట ఇది!"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. వాజిద్‌కీ నవ్వొచ్చింది గానీ, ఆపుకుని కాగితం చదివాడు. పింఛను ఆపేస్తున్నట్టు నోటీసు. షేక్ సైమా, బరంపేట, నరసరావుపేట. మొన్నటి శిబిరంలో మళ్ళీ పరీక్షిస్తే వైకల్యం పద్నాలుగు శాతమే అని తేలిందట. నలభై ఉంటేనే పింఛను.

ఆ శిబిరం జరిగింది ఈ ఆసుపత్రిలోనే. దాని పేరు మనకొద్దు. డాక్టర్లు రాసిచ్చిన కాగితాలు చూసి కంప్యూటర్లో ఎక్కించడం వాజిద్ పని. ఏజెన్సీ కింద కాంట్రాక్టు ఉద్యోగం. నాన్న ఖలందర్ స్కూటర్ మెకానిక్. చూపు మందగించి షెడ్డు మూసేశాక, ఇల్లు నడుస్తున్నది ఈ ఉద్యోగం మీదే.

లోపలి గదిలోకి వెళ్ళి బీరువాలోంచి ఆమె ఫైలు తీశాడు. డాక్టరు చేతిరాత గుండ్రంగా, ఏ అనుమానానికీ తావు లేకుండా ఉంది. నలభై ఒకటి.

కంప్యూటర్లో ఉన్నది పద్నాలుగు. కింద ఎక్కించినవాడి ఐడీ. అది వాజిద్‌దే.

నాలుగూ ఒకటీ తారుమారయ్యాయి, అంతే. ఆ రోజు మూడొందల మంది వచ్చారు. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవకుండా టైపు చేశాడు. అరక్షణంలో జరిగిన పని.

కిటికీ దగ్గరికి తిరిగొచ్చాడు. నిజం చెప్పడానికే నోరు తెరిచాడు.

"ఫైలు దొరకలేదండీ. సోమవారం రండి."

"సోమవారానికి కాలు పూర్తిగా బాగైపోద్దేమో. పరిగెత్తుకుంటా వస్తాలెండి!"

ఆమె చున్నీ సర్దుకుని, కుంటుకుంటూ వానలోకి వెళ్ళిపోయింది.

సూపర్‌వైజర్ గోపాలకృష్ణయ్య సంగతంతా విని, ముందు తలుపు మూశాడు. "లిస్టు లాక్ అయిపోయింది. మనం మార్చలేం. ఆ పిల్ల అప్పీలు చేసుకుంటది, మళ్ళీ పరీక్ష చేస్తారు. నువ్వు మాత్రం నోరెత్తమాక. ఒకటి బయటపడిందా, వంద తవ్వుతారు. అందరికంటే ముందు పోయేది నీ ఉద్యోగమే."

వాజిద్ తలూపాడు. వెళ్ళి ఆ ఫైలును బీరువా అడుగు అరలో, పాత కట్టల కిందికి తోశాడు. తోసిన చేతిని చూసుకుంటే రోత పుట్టింది. మరు నిమిషం గొడుగు కూడా తీసుకోకుండా గేటు వైపు పరిగెత్తాడు.

సైమా ఆటో కోసం నిలబడి ఉంది.

"సోమవారం దాకా ఎందుకండీ? కోర్టులో న్యాయ సేవా కమిటీ ఉంది. జడ్జిగారే చూస్తారు. ఆడవాళ్ళకీ, వికలాంగులకీ ఊరికే లాయర్ని ఇస్తారు. నేను చూపిస్తా."

ఆమె అతణ్ణి పైనుంచి కింద దాకా చూసింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, మెడలో ఐడీ కార్డు వెనక్కి తిరిగిపోయి ఉంది.

"మీ ఆసుపత్రి మీద కేసెయ్యడానికి మీరే దారి చూపిస్తారా? ఇదేం విడ్డూరం! మీకెందుకంత ఇది?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ తడవరు" అంది సైమా. అన్నది గానీ, కోపం ఆ మాటతోనే కాస్త తగ్గింది.

కమిటీ ఆఫీసులో లాయరు సుబ్బరత్నం గారు కళ్ళజోడు ముక్కు చివరికి దించి అన్నీ అడిగారు. మిరపకోతకు వెళ్తున్న ఆటో రొంపిచర్ల దారిలో తిరగబడిందని, ఎడమకాలు మడమ దగ్గర నలిగిపోయిందని సైమా చెప్పింది. అప్పుడు తనకు పదహారేళ్ళు. ఇప్పుడు మల్లమ్మ సెంటర్ దగ్గర చిన్న కుట్టుకొట్టు. కాలితో తొక్కలేదు కనుక మిషనుకు మోటారు పెట్టించుకుంది.

"ఇందులో కష్టమేం లేదమ్మా. ఆ రోజు డాక్టరు రాసిన కాగితం తెప్పిద్దాం. దాంట్లోనూ పద్నాలుగే ఉంటే మళ్ళీ పరీక్షకు పోవాలి. లేదంటే ఎవరు తప్పు ఎక్కించారో తేలిపోద్ది."

పక్క కుర్చీలో వాజిద్ మెడలోని ఐడీ కార్డు తీసి జేబులో వేసుకున్నాడు.

"ఈ అబ్బాయి ఎవరు, మీ బంధువా?"

"కాదు మేడం" అంది సైమా. "ఊరికే వచ్చాడు."

ఆ ఊరికే రావడం ఆగలేదు. వాయిదాకి తోడు వెళ్ళాడు. సంతకాల కోసం వెళ్ళాడు. ఏ పనీ లేని రోజు చొక్కా పట్టుకుని కుట్టుకొట్టుకు వెళ్ళాడు.

"మొన్న బిగుతు చేయమన్నారు. ఇయ్యాల వదులు చేయమంటున్నారు. మధ్యలో ఏం తిన్నారండీ?"

"అదీ... మా అమ్మ బిర్యానీ చేసింది."

"నాకు చొక్కా ఇచ్చారు గానీ బిర్యానీ ఇయ్యలా." ఆమె నవ్వుతూ దారం కొరికింది. అతను ఆ నవ్వు చూస్తూ మురిసిపోయేవాడు, అంతలోనే గుర్తొచ్చి లోపల ముడుచుకుపోయేవాడు. ఆమె ఫోన్ మోగితే చాలు, ఆసుపత్రి నుంచేమోనని ఒళ్ళు జలదరించేది. దగ్గరవుతున్న కొద్దీ చెప్పడం కష్టమైంది.

ఒకరోజు టీ తాగుతూ ఆమె ఉన్నట్టుండి అంది. "పింఛను పోయిందని కాదు నా భయం. కుట్టుకుని బతుకుతా. ఇన్నాళ్ళూ నటించాననుకుంటున్నారు వీధిలో. మొన్న నొప్పి లేదని కాస్త బాగా నడిచా. పక్కింటామె చూసింది. ఇంక చూడండి, మర్నాడు కావాలని ఇంకా ఎక్కువ కుంటుతా నడిచా. నా కాలితో నేనే అబద్ధం ఆడించా. ఇంటికొచ్చి ఏడ్చా."

వాజిద్ గ్లాసు కింద పెట్టబోతే టీ చొక్కా మీద ఒలికింది. ఆమె తన కర్చీఫ్ ఇచ్చింది.

తర్వాతి వాయిదాకి ముందురోజు ఆసుపత్రి జవాబు వచ్చింది. ఫైలు దొరకలేదు, కావాలంటే మళ్ళీ పరీక్షిస్తాం. కింద గోపాలకృష్ణయ్య సంతకం. ఆ సాయంత్రం వాజిద్ కొట్టుకు వెళ్ళేసరికి సైమా మిషను ముందు కూర్చుని ఉంది గానీ, కుట్టడం లేదు.

"మళ్ళీ ఆ బల్ల మీద పడుకోబెడతారు. మళ్ళీ కాలు మెలితిప్పి, నొప్పుందా నొప్పుందా అంటారు. నిజంగా అరిస్తే నటన అంటారేమో. నా వల్ల కాదు వాజిద్ గారూ."

ఆమె అతణ్ణి పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన పిలుపు. అప్పుడు కూడా దాచి ఉంచడం అతని వల్ల కాలేదు.

"ఫైలు పోలేదు. బీరువా అడుగు అరలో ఉంది. అక్కడ తోసింది నేనే. దాంట్లో నలభై ఒకటి అనే ఉంది. పద్నాలుగు అని టైపు చేసింది... నేనే."

సైమా ఒళ్ళో గుడ్డ మడిచి పక్కన పెట్టింది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మీరు కిటికీ దగ్గరికొచ్చిన రోజు నుంచే."

"రెండు నెలలు! నా పక్కన కూర్చుని టీ తాగావు. నేను ఏడ్చిన సంగతి నీకే చెప్పా కదరా!" ఆమె తలుపు వైపు చెయ్యి చూపించింది. "లేచి పో."

అతను లేచి, తిన్నగా సుబ్బరత్నం గారి ఇంటికి వెళ్ళి అంతా చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "ఫైలు నువ్వు ముట్టుకోమాక. రేపొచ్చి ఎక్కడుందో జడ్జిగారికి చెప్పు. నీకేమవుద్దో మాత్రం నేను హామీ ఇవ్వలేను బాబూ" అన్నారు.

మర్నాడు కమిటీ హాల్లో వాజిద్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సైమా తన తల్లి కరీమున్నీసా పక్కన కూర్చుని ఉంది. అతని వైపు చూడలేదు. గోపాలకృష్ణయ్య చూశాడు. చూసి, మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

సైమా కేసు పిలిచారు. వాజిద్ ముందుకు నడిచాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. మొదటిసారి అన్న మాట జడ్జిగారికి వినపడనే లేదు.

"గట్టిగా చెప్పు."

"ఆ అంకె తప్పుగా ఎక్కించింది నేను సార్. ఫైలు దాచింది కూడా నేనే. బీరువా అడుగు అరలో, పాత కట్టల కింద ఉంది. ఆ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు. నటించలేదు."

హాల్లో అందరి చూపులూ అతని మీదే. పారిపోవాలనిపించింది. అయినా అక్కడే నిలబడ్డాడు.

జడ్జిగారు అప్పటికప్పుడు మనిషిని పంపారు. గంటలో ఫైలు వచ్చింది. డాక్టరు అంకె అందరూ చూశారు. శాతం సరిదిద్ది పింఛను తిరిగి ఇవ్వాలని, మళ్ళీ పరీక్ష అక్కర్లేదని ఆసుపత్రి తరఫున ఒప్పుకుని సంతకం పెట్టారు. ఫైలు లేదని రాసిచ్చినందుకు గోపాలకృష్ణయ్యను వివరణ అడిగారు. "తప్పు నీదే. చెప్పిందీ నువ్వే. రెండూ రికార్డులో రాస్తున్నా" అన్నారు వాజిద్‌తో.

అతను వరండాలోకి వచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. కాసేపటికి పక్కన ఆకుపచ్చ చున్నీ అంచు కనిపించింది.

"నీ మీద కోపం పోలా."

"పోదు" అన్నాడు తలెత్తకుండా.

"నువ్వు ఆడ నిలబడి మాట్లాడతంటే నాకు చేతులు వణికినయ్. నా కేసు ఏమవుద్దోనని కాదు." ఆమె ఒక క్షణం ఆగింది. "నిన్నేం చేస్తారోనని. ఎంత తిట్టుకుందామన్నా కుదర్లా. భయమే వేసింది. ఎందుకో నువ్వే చెప్పు."

వాజిద్ తలెత్తి చూశాడు. ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. చెవుల దాకా ఎర్రబడి ఉంది.

"నాకూ రెండు నెలలుగా అదే భయం సైమా. ఉద్యోగం పోద్దని మొదలైంది. తర్వాత నువ్వు పోతావని."

"పద. మా అమ్మ ఇంటికి రమ్మంటాంది. నిన్ను తిట్టాలంట. తిట్టి అన్నం పెడతదంట."

కరీమున్నీసా అన్న ప్రకారమే తిట్టింది. బరంపేట ఇంట్లో చాప మీద కూర్చోబెట్టి, పప్పూ గోంగూరా వడ్డిస్తూ, తన బిడ్డ ఎన్ని రాత్రులు నిద్రపోలేదో లెక్క చెప్తూ తిట్టింది. వాజిద్ తలవంచుకుని ప్రతి మాటా విన్నాడు. రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా ఫోన్ టింగుమంది. ఏజెన్సీ నుంచి మెసేజ్. రేపటి నుంచి పనికి రానవసరం లేదు.

అతను ఎడంచేత్తో ఫోన్ తీసి చదివాడు. సైమా అతని చేతిలోంచి ఫోన్ తీసుకుని చదివి, తల్లి చేతికిచ్చి వంటగదిలోకి వెళ్ళింది. కరీమున్నీసా చదివి ఫోన్ బోర్లించి పెట్టి, ఇంకో గరిటె పప్పు వేసింది.

"మీ అమ్మానాన్నల్ని ఎప్పుడు పంపిస్తావు?"

వాజిద్‌కి అర్థం కాలేదు. "ఉద్యోగం పోయింది ఆంటీ, ఇప్పుడే..."

"కళ్ళున్నయ్, చదివా. నేనడిగింది అది కాదు."

వంటగదిలో గిన్నెల చప్పుడు ఠక్కున ఆగిపోయింది. తలుపు పక్కన ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నారు.

"శుక్రవారం నమాజు అయినాక" అన్నాడు వాజిద్. ఈసారి గట్టిగానే, లోపలి మనిషికి కూడా వినపడేలా.