లింగం పట్టే అరచేయి

1983 శ్రావణం. తాండూరులో నాపరాళ్ల దుకాణం నడిపే భీమప్ప కొన్నాళ్లుగా పొద్దున్నే తన పూజ ముగించి, భార్య సుమిత్రమ్మ పూజ చేసుకునేందుకు, ఆమె మెడలో కట్టుకునే ఇష్టలింగాన్ని కూడా తన ఎడమ అరచేతిలో పట్టేవాడు. ఒకరి లింగం ఇంకొకరు పట్టడం వాళ్ల ఇంట్లో పద్ధతి కాదు. కానీ ఏం చేస్తారు? మరుగుతున్న అంబలి ఒలికి సుమిత్రమ్మ ఎడమ అరచేయి కాలింది. దూదికట్టు మార్చినప్పుడల్లా కొత్తగా పట్టిన చర్మం దానితోపాటే ఊడివచ్చేది. వేళ్లు ముడుచుకుపోతే తన స్వామిని ఇక తన చేత పట్టలేనేమోనని ఆమె బెంగ.

హైదరాబాదులో మందుల ప్రయోగశాలలో పనిచేసే కూతురు అరుణాదేవి ఒక పలుచని పట్టీ తెచ్చింది. అది పుండుకు అంటుకోదని, ఇక్కడి డాక్టరు కూడా చూసి సరేనన్నాడని చెప్పింది. ఆ ఉదయం పూజకు ముందే కట్టు విప్పింది.

"దేంతోని చేసిండ్రు బిడ్డా?"

"గంజితోనమ్మా."

గంజిపిండిని కొంచెం మారుస్తారనీ, దాని పోగు స్ప్రింగులా చుట్టుకుని అయోడిన్‌ను లోపల పట్టుకుంటుందనీ, పుండు మీద కొద్దికొద్దిగా వదులుతుందనీ వివరించింది. నల్లనీలం పట్టీని చూసి సుమిత్రమ్మ నవ్వింది.

"శివయ్య గొంతు రంగే. మీ నాయన అంగీలకు గంజి పెట్టి పెట్టి అరిగిన చేయి, ఇప్పుడు దానికే పెడ్తున్నవా?"

భీమప్పకు సందేహం వచ్చింది. గంజి తడిస్తే కరిగిపోదా, పట్టీలా ఎలా నిలుస్తుందని అడిగాడు. అరుణ పట్టీ అంచులు సర్దింది. తర్వాత, పశువుల తోలు నుంచి తీసే కొల్లాజెన్ అనే పదార్థం కలుపుతామని మెల్లగా చెప్పింది.

సుమిత్రమ్మ చేయి వెనక్కి తీసుకుంది.

"లింగం పెట్టుకునే చేయి ఇది. ముందుగాల ఎందుకు చెప్పలే?"

"చెప్తే వద్దంటవని."

"అడిగినవా? గంజి అంటే ఈమెకు చాలనుకున్నవ్. సదివినోళ్లకు ఒక మాట, అమ్మకు ఒక మాటనా?"

భీమప్ప సర్దిచెప్పబోతే ఆమె ఆపింది. తోలు మాట కన్నా గంజి మాటే ఆమెను ఎక్కువ నొప్పించింది.

ఆమే మళ్లీ అడిగింది. "ఆ పశువు ఎట్ల సచ్చింది?"

ముసలిదై పోయిందంటే సరిపోయేది. ఆ మాట అరుణ నోటిదాకా వచ్చింది.

"తెల్వదమ్మా. కోసిందే కావచ్చు. నేనెన్నడు అడగలే."

సుమిత్రమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. స్వామి ఈ చేతిని ఎందుకు కాలనిచ్చాడో, మాంసం ఎరుగని ఇంట్లో దాన్ని ఇలా ఎందుకు మాన్పదలిచాడో ఆమెకు అంతుపట్టలేదు. కూతురు ఈసారి దాచలేదన్నది మాత్రం తెలిసింది. అరచేయి చాచింది.

"కట్టు బిడ్డా. పాపమో పుణ్యమో, ఆయనతోని నేనే మాట్లాడుకుంట."

కట్టయ్యాక పూజకు కూర్చున్నారు. తన పత్రి పెట్టిన తర్వాత సుమిత్రమ్మ ఇంకొక మారేడు దళం తీసి కూతురి చేతిలో పెట్టింది.

"ఇది ఆ పశువు పేరు మీద. నువ్వే పెట్టు."

ప్రయోగశాలలో ఎన్నో తోళ్లు కడిగిన అరుణకు ఇప్పుడు కళ్లు నిండి లింగం కనబడలేదు. భీమప్ప భార్య లింగం పట్టిన తన అరచేతిని ఆమెకు దగ్గరగా జరిపాడు.