మడ్‌ఫ్లాపు మీద పేరు

అక్షరాలు నాకు పెద్ద వయసులో పట్టుబడ్డాయి. ఒత్తులు ఎక్కడైనా జారిపోతే చదివేవాళ్లు సర్దుకోవాలి. ఈ కాస్త రాయడానికి వానాకాలమంతా పట్టింది. ఆలస్యానికి కూడా మన్నించండి.

వాన వెలిసిన ఉదయం. వసారాలో కొత్త కారు ముడుచుకుని పడుకున్న జంతువులా ఉంది. రాత్రంతా కిటికీలోంచి వచ్చిన వైరు దానికి కరెంటు తాగించింది. చప్పుడు చెయ్యని ఆ బండి ఇంటికొచ్చినప్పటి నుంచి అత్తగారికి ఏవో కలలు. నీళ్ల మీద తేలిపోతున్నట్టు, రోడ్డు పక్క చెట్లు తనకు దారి ఇస్తున్నట్టు. మెలకువ వచ్చాక కూడా మంచం కాస్త ఊగుతున్నట్టే ఉండేది.

కారు కోడలిది. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి కట్లు కట్టే నర్సు ఆమె. ఇన్నేళ్లూ స్కూటరు మీద తడుస్తూ తిరిగింది. బుద్ధెరిగాక తనకంటూ కొనుక్కున్న మొదటి పెద్ద వస్తువు ఇదే. ఆమె భర్తకు డ్రైవింగ్ రాదు, బస్సులో ఆఫీసుకు పోయి వస్తాడు. మామగారు లారీలకు చక్రాల వెనక బురద చిమ్మకుండా వేలాడే రబ్బరు మడ్‌ఫ్లాపులు కోసి, వాటి మీద రంగులతో పేర్లు రాసిన పెయింటరు. కొట్టు మూసేశాక చేతులు ఊరుకోక గేటుకూ, తలుపులకూ, చివరికి బకెట్లకూ రంగులు వేశారు.

"అమ్మాయ్, చక్రాల వెనక బోసిగా ఉంది. మడ్‌ఫ్లాపులు వేద్దాం," అన్నారాయన టీ గ్లాసు పట్టుకుని.

"అవి గాలికి అడ్డం పడతాయట మామయ్యా. చార్జింగ్ తొందరగా అయిపోతుందట. మధ్యలో ఆగిపోతే నన్నెవరు మోస్తారు?"

"తలుపుల మీద ఆ బురద చూశావా? రాళ్లు తగిలి రంగు లేచిపోతుంది. రంగు సంగతి నాకు చెప్తావా?"

"అది లారీ కాదు నాన్నా," కొడుకు నవ్వాడు. "ఊరుకుంటే హారన్ కొట్టమని కూడా రాసేట్టున్నావు."

"నువ్వు పోయి బస్సు పట్టుకో."

"కొన్నాళ్లు నడిపి చూస్తాను మామయ్యా. వెయ్యాలో వద్దో ఆలోచించి చెప్తాను," అంది కోడలు. కారు ఆకు కదిలినంత మెల్లగా గేటు దాటిపోయింది.

అది దాటగానే మామగారు పెరటి షెడ్డులోకి నడిచారు. పాత రబ్బరు షీటు దులిపారు, కత్తికి పదును పెట్టారు. అత్తగారు రంగు డబ్బా పట్టుకుని పక్కన కూర్చుంది. పెయింటు వాసనకు ఆమెకు పెళ్లయిన కొత్త గుర్తొచ్చింది.

"పేరు రాస్తున్నారా?"

"ఓనరు పేరు లేకపోతే అదేం ఫ్లాపు?"

ఆమెకు చదువు రాదు. నల్లటి రబ్బరు మీద పసుపు అక్షరాలు ఒక్కొక్కటే వాలుతుంటే, తీగ మీద పిట్టలు వచ్చి కూర్చుంటున్నట్టు అనిపించింది. ఈ పిల్ల పేరు ఇక వీధివీధికీ తిరుగుతుంది. అరుగుల మీద కూర్చున్నవాళ్లు చదువుతారు. మబ్బు పట్టిన సందులోకి పసుపు వెలుగు ఒకటి వచ్చి పోతుంది. అలా అనుకుంటూ డబ్బా పట్టుకునే కునుకు తీసింది.

సాయంత్రం కోడలు రాగానే అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని షెడ్డు దగ్గరికి తీసుకెళ్లింది. గోడకు ఆనించిన ఫ్లాపులు ఇంకా తడిగా మెరుస్తున్నాయి. పక్కనే మామగారు కుంచెలు కడుక్కుంటున్నారు.

"చూడు, నీ పేరే. ఎంత ముద్దుగా రాశారో."

కోడలు చదివింది. భుజం మీది సంచి కిందికి జారింది.

"ఇది నా పేరు కాదు అత్తయ్యా. మీ అబ్బాయిది."

అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన కొడుకు గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"నేను వద్దనలేదు మామయ్యా," అంది కోడలు. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఆలోచిస్తానన్నాను. అంతవరకైనా ఆగలేకపోయారా?"

"ఇందులో ఆలోచించడానికేముందమ్మా. ఓనరు పేరు..."

"ఓనరు ఎవరు?"

ఆయన ఫ్లాపుల వైపు తిరిగి తను రాసిన పేరు చూసుకున్నారు.

"నాకు స్టీరింగు ఎటు తిప్పాలో కూడా తెలీదు కదా నాన్నా," అన్నాడు కొడుకు.

"చేతి అలవాటురా. ఇన్నేళ్లూ ఇంటి మగాళ్ల పేర్లే రాశాను. ఇంకో పేరు రాయాలని తోచనే లేదు."

"మీకు తోచదు. అదే నా బాధ," అంది కోడలు. "ఈ ఇంట్లో ఇదొక్కటైనా నాదనుకున్నాను."

అత్తగారు షెడ్డు మెట్టు మీద కూలబడింది. "పక్కనే కూర్చున్నానే తల్లీ. నా కళ్లముందే రాశారు. నీ పేరేననుకుని పొద్దంతా మురిసిపోయాను. నాకేం తెలుస్తుంది?"

మామగారు భార్య వైపు చూశారు. ఎవరెవరి పేర్లో రాస్తుంటే ఇన్నేళ్లూ డబ్బా పట్టుకుని కూర్చున్న మనిషి. ఏం రాస్తున్నదీ ఆమెకు ఒక్కనాడూ చదివి చెప్పలేదు. ఆయన గుడ్డ కిరసనాయిల్లో ముంచి, అక్షరాలన్నీ తుడిచేశారు. పసుపు రంగు మోచేతుల దాకా కారింది.

"నువ్వే చెప్పమ్మా," అన్నారు తల వంచుకునే. "వెయ్యమంటే వేస్తాను. వద్దంటే అటక మీద పడేస్తాను."

కోడలు వసారాలోకి వెళ్లి కారు చుట్టూ ఒకసారి తిరిగింది. తలుపు మీద ఎండిన బురదను గోటితో గీకి, షెడ్డు దగ్గరికి తిరిగొచ్చింది.

"ముందు చక్రాలకు వెయ్యండి. బురదంతా అక్కడి నుంచే లేస్తోంది. వెనక వద్దు, చార్జింగ్ మిగలాలి."

"మరి పేరు?"

"ఏ పేరూ వద్దు. మిగిలిన ఫ్లాపు ఒకటి ఇలా ఇవ్వండి."

రబ్బరు కోతకు గీతలు గీసే సుద్దముక్క తీసుకుని, ఫ్లాపు ఒళ్లో పెట్టుకుని, అత్తగారి పక్కన మెట్టు మీద కూర్చుంది. ఒక అక్షరం రాసింది.

"ఇదేంటమ్మా?"

"మీ పేరులో మొదటిది."

అత్తగారు దాని మీద వేలు పెట్టి చుట్టూ తిప్పింది. వేలికి సుద్ద అంటింది. అక్షరం కాస్త చెరిగిపోయింది.

"మళ్లీ రాయి," అంది పైట చెంగుతో కళ్లు తుడుచుకుంటూ. "నాకు సరిగ్గా కనబడలేదు."

— అందరూ బుల్లెమ్మ అంటారు. వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు చిన్న కూతురి ఇంట్లో, మేడ మీద గదిలో ఉంటున్నాను.