గురువారం సైకిలెక్కని మనిషి

ఇంటింటికీ ఫోను లేని రోజులవి. మంచి కబురైనా చెడ్డ కబురైనా టెలిగ్రామే రావాలి. ఆ టెలిగ్రాం తెచ్చే మనిషి సైకిలు మీద రావాలి. అందుకే గుమ్మం ముందు సైకిలు బెల్లు మోగిందంటే ఆడవాళ్ళ గుండె ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత రెండింతలు కొట్టుకునేది.

ఆ వానాకాలం పొద్దున దర్జీ గారింట్లో అదే జరిగింది. దర్జీ గారి కొట్టు కింద, కాపురం మూడో అంతస్తులో. నడుమ యాభై రెండు మెట్లు. కింద బెల్లు మోగింది, మెట్ల మీద అడుగులు వినిపించాయి, పొడుగాటి యువకుడొకడు వచ్చి తలుపు పక్క గోడ పట్టుకుని నిలబడ్డాడు. నిలబడ్డాడే గాని నోట మాట లేదు. ఒక చేతిలో కాగితం, రెండో చెయ్యి గుండెల మీద. ముఖం తడిసి ముద్దయింది, అది వానో చెమటో దేవుడికే తెలియాలి.

ఆ వాలకం చూసి దర్జీ గారి భార్య, తన తల్లికేదో అయిపోయిందనుకుని అక్కడే కూలబడి శోకాలు మొదలుపెట్టింది. పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. కూతురు మాత్రం అతని చేతిలోని కాగితం లాక్కుని చదివింది. ఆ అమ్మాయి ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు, ఊరికే కంగారుపడే రకం కాదు. మేనమామకు మగపిల్లాడు పుట్టాడట, తల్లీ బిడ్డా క్షేమమట.

"ఈ ముక్క చెప్పడానికి మీకు నోరు రాలేదా?" అందామె.

అతను ఆగమన్నట్టు వేలెత్తాడు. రెండు గుక్కల గాలి మింగి, "మెట్లు..." అన్నాడు.

"రోజంతా సైకిలు తొక్కే మనిషికి మెట్లెక్కితే ఆయాసమా?"

"సైకిలు మెట్లెక్కదు కదండీ," అన్నాడతను దీనంగా.

ఏడుస్తున్న తల్లి కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

ఊళ్ళో అతన్ని అందరూ చక్రం అనేవారు. నాలుగిళ్ళ అవతల అంగడికి వెళ్ళాలన్నా సైకిలే. నిద్రలో కూడా వీడి కాళ్ళు తొక్కుతూనే ఉంటాయి, దుప్పటి నిలవదని వాళ్ళమ్మ నలుగురికీ చెప్పుకునేది. అంతటివాడికీ ఒక దిగులుంది. సైకిలు మీద పొట్టపోసుకునేవాళ్ళకి, అంటే పేపర్లవాళ్ళకి, పాలవాళ్ళకి, టెలిగ్రాంవాళ్ళకి, ఏటా ఒక పందెం జరిగేది. కొండమీది నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళాలి. సగం కొండ దాకానే రోడ్డు. ఆపైన నూట ముప్పై మెట్లు, సైకిలు భుజాన వేసుకుని ఎక్కాలి. రోడ్డు మీద చక్రాన్ని పట్టుకోగలిగినవాడు లేడు. మెట్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం రెండేళ్ళు వరసగా చతికిలబడ్డాడు. నడివయసు పాలాయన, క్యాన్లు మోసి మోసి రాటుదేలిన భుజం మీద సైకిలు పెట్టుకుని, "బాబూ, కాస్త పక్కకి కూర్చో," అంటూ దాటిపోయాడట. ఆ మాట అతనికి కంట్లో నలుసై కూర్చుంది. పైగా వచ్చే ఏడు ఆఫీసులో మోటారు బళ్ళిస్తారని చెప్పుకుంటున్నారు. ఇక సైకిలు పందెం అతనికి ఇదే ఆఖరు.

వారం తిరక్కుండానే చిరిగిన ప్యాంటు పట్టుకుని దర్జీ గారి కొట్టుకొచ్చాడు. ప్యాంటు వంక, పిల్ల అసలు. బడి నుంచి వస్తున్న ఆమెను ఆపి, మెట్లెక్కే విద్య నేర్పమని అడిగాడు. ఆమె అతని చుట్టూ ఒకసారి తిరిగి, సంతలో గిత్తను చూసినట్టు చూసింది. కాళ్ళు ఇనపకడ్డీలే, నడుము మాత్రం నిద్రపోతోందని, భుజాలు ముందుకు వంగి హ్యాండిలు లేకపోయినా హ్యాండిలు పట్టుకున్నట్టే ఉన్నాయని తేల్చింది.

"ఎప్పుడూ చేసే పనే చేస్తే ఒళ్ళు అదొక్కటే నేర్చుకుంటుంది. సైకిలు తగ్గిస్తేనే సైకిలు బాగా తొక్కుతారు," అంది.

ఆ మాట అతని బుర్రకెక్కలేదు. అయినా సరేనన్నాడు, చెప్పింది ఆమె కాబట్టి.

అప్పటినుంచి పొద్దున్నే బడి ఆవరణలో పాఠం. స్కిప్పింగ్ తాడు ఆడించింది, మొదటిరోజు తాడు కాళ్ళకు చుట్టుకుని బోర్లాపడ్డాడు. మోచేతుల మీద, కాలివేళ్ళ మీద ఒంటిని పలకలా నిలిపి వంద లెక్కపెట్టమంది, ముప్పైకే పలక వంతెనై, వంతెన కూలింది. ఇసక సంచి భుజానికెత్తి మెట్లెక్కించింది. సందులో ఉన్న చిన్నపిల్లలు కిటికీల్లోంచి అతనితోపాటు లెక్కపెట్టేవాళ్ళు, తప్పు లెక్క కూడా పెట్టేవాళ్ళు. అన్నిటికంటే కష్టమైనది గురువారం. గురువారం అతనికి సెలవు. ఆ రోజు సైకిలు ముట్టకూడదు, నడవాలి, అంతే. కండ పెరిగేది పని చేసేటప్పుడు కాదు, పనాపి విశ్రాంతినిచ్చినప్పుడని చెప్పి, మాటివ్వమంది. ఇచ్చాడు.

దర్జీ గారు మహా గట్టిపిండం. సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళజోడు కావాలిగాని, మనుషుల్ని చదవడానికి అక్కర్లేదు. బుధవారం సాయంత్రం చక్రం ప్యాంటు సీటుకు ఆయనే గట్టి అతుకు వేసిచ్చాడు. శుక్రవారం పొద్దున అదే ప్యాంటు, అదే అతుకు, పిగిలి మళ్ళీ కొట్టుకొచ్చింది.

ఆయన దాన్ని వెలుగులో పెట్టి చూసి, "ఏమోయ్, నా అతుకు వారం నిలుస్తుంది. నిన్న నువ్వు నడిస్తే ఇది అరిగిందా?" అన్నాడు. ఆయన సరదాకే అన్నాడు. వెనకాల కూతురు నిలబడి ఉందని చూసుకోలేదు.

చక్రం తలొంచుకున్నాడు. నది దాకా, ఒక్కసారే, తెల్లవారుజామున, ఎవరూ చూడలేదని, గాలి బాగుందని ఏదేదో గొణిగాడు.

"నేనడిగింది బలం కాదు, మాట," అందామె. "అది నిలబెట్టుకోలేనివారికి నేను నేర్పేదేం లేదు." మెట్లెక్కి వెళ్ళిపోయింది. యాభై రెండు మెట్లు, ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

చూడలేదు గాని, పైకి వెళ్ళాక కిటికీ పక్కన చాలాసేపు కూర్చుంది. పొద్దున్నే పాఠానికి తన కాళ్ళు ఎందుకంత త్వరపడుతున్నాయో ఆమెకు అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం? చిన్న మాటకే నిలవనివాడు పెద్ద మాటకు నిలుస్తాడా? ఆ ప్రశ్న ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు.

మర్నాటి నుంచి పాఠం లేదు. తర్వాతి గురువారం సన్నటి తుంపర. కిటికీలోంచి చూస్తే సందులో చక్రం నడిచి పోతున్నాడు. సైకిలు లేదు, గొడుగు లేదు. తల పైకెత్తలేదు. ఆ పై గురువారమూ అంతే. ఆమె కిటికీ మూసేసి, మళ్ళీ రెండువేళ్ళంత తెరిచేది. రాత్రి అన్నాల దగ్గర దర్జీ గారు ఎవరితోనూ అననట్టు, "అతుకు నిలిచింది," అనేవాడు. ఇంకో వారం, "ఇంకా నిలిచే ఉంది." తల్లి ఏ అతుకని అడిగితే, ఉందిలే ఒకటని దాటేసేవాడు.

పందెం ఆదివారం జరగాలి. శనివారం రాత్రి కుండపోత. కొండరోడ్డంతా మట్టి కొట్టుకొచ్చింది. పెద్దలు ఆలోచించి గురువారానికి మార్చారు.

గురువారం పొద్దున తలుపు చప్పుడైంది. ఆమె తీసింది. చక్రం నిలబడి ఉన్నాడు. గోడ పట్టుకోలేదు, ఆయాసపడటం లేదు.

"పందేనికి పోవట్లేదు," అన్నాడు మెల్లగా. "ఇవాళ గురువారం. ఆ మాట చెప్పి పోదామని వచ్చాను."

ఆమెకు నవ్వొచ్చింది, కోపమొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఏది ముందొచ్చిందో చెప్పలేం.

"ఎవరైనా పందెం రోజున... మీ సైకిలేదీ?"

"ఇంట్లో."

"మీ ఇల్లు రెండు మైళ్ళు. పందెం ఇంకో ముప్పావుగంటలో!"

"మాటిచ్చాను కదా."

"ఆ మాట నాది. ఇవాళ్టికి నేనే వదిలేస్తున్నా. పరుగెత్తండి."

పరుగెత్తాడు. వెనకాల ఆమె కొంగు బిగించి కొండ వైపు పరుగెత్తింది. పక్కింటివాళ్ళు మళ్ళీ టెలిగ్రామొచ్చిందేమోనని బయటికొచ్చారు.

పందెంలో చక్రం గెలిచాడని చెప్పాలని ఎవరికైనా ఉంటుంది. గెలవలేదు. రెండు మైళ్ళ పరుగుతోనే ఒళ్ళు సగమైంది, బయల్దేరడమే ఆఖరున బయల్దేరాడు. పాలాయనే మొదట వచ్చాడు. కాని ఆ నూట ముప్పై మెట్లూ చక్రం సైకిలు భుజాన పెట్టుకుని ఎక్కడా ఆగకుండా, ఎక్కడా కూర్చోకుండా ఎక్కాడు. ఈసారి అతనే ఇద్దరు పేపర్లవాళ్ళను కాస్త జరగమని దాటాడు. మూడోవాడిగా పైకొచ్చేసరికి పాలాయన తువ్వాలుతో అతని ముఖం తుడిచాడు.

ట్యాంకు గోడ పక్కన ఆమె ఉంది. అతను సైకిలు దించకుండానే, ఒక్క గుక్కలో అన్నాడు:

"గురువారాలన్నీ మీ పక్కన నడవాలని ఉందండీ, మిగతా రోజులు ఏం చెయ్యాలో మీరే చెప్పండి, ముందు మీ నాన్నగారిని అడగమంటారా, మిమ్మల్నే అడగమంటారా?"

డ్రిల్లు టీచరు నోరు తెరిచింది. మాట రాలేదు. ఆగమన్నట్టు వేలెత్తింది. రెండు గుక్కల గాలి మింగింది.

"మెట్లు..." అంది.

సాయంత్రం అతను యాభై రెండు మెట్లెక్కి దర్జీ గారిని అడిగాడు. తల్లి అలవాటు కొద్దీ కూలబడి ఏడ్చింది, ఈసారి ఎవరూ పరుగెత్తుకు రాలేదు. దర్జీ గారు అతన్ని వెనక్కి తిరగమని, సీటు మీద అతుకును వేళ్ళతో లాగి చూశాడు. "నిలుస్తుందిలే," అన్నాడు.

ఇదంతా ఎన్నటి మాట! టెలిగ్రాంలు పోయాయి, దర్జీ గారూ పోయారు, ఆ కొండకు పైదాకా రోడ్డు పడింది. చక్రానికి మోకాళ్ళు అరిగి సైకిలు గోడకు చేరింది. గురువారం సాయంత్రం మాత్రం ఇద్దరూ వీధి చివరి దాకా నడిచి వస్తారు. ఆవిడ ఒక అడుగు ముందే ఉంటుంది. "భుజాలు," అంటుంది వెనక్కి చూడకుండానే. ఆయన సర్దుకుని నిటారుగా నడుస్తాడు.